బసవపున్నయ్య గారి ముందు సీను

బసవపున్నయ్య గారి లోకంలో ఏదీ ఉన్నట్టుండి జరగదు. పాలు పొంగినా, పక్కింటాయన తిట్టినా, పిల్లాడు పళ్లెం విసిరేసినా ఆయన నోట్లోంచి వచ్చే మాట ఒక్కటే: "ముందు సీనేంటి?"

ముప్ఫై ఎనిమిదేళ్లు సినిమాల్లో కంటిన్యుటీ రాసిన మనిషి. సినిమాని వరసగా తీయరు కదా. హీరో గుమ్మం లోపల ఉన్న షాట్ ఇవాళ తీస్తే, గుమ్మం దాటి బయటికి వచ్చే షాట్ మూడు నెలల తర్వాత తీస్తారు. అప్పటికి ఆ చొక్కాకి ఎన్ని గుండీలు పెట్టుకున్నాడో, హీరోయిన్ జడ ఏ భుజం మీద ఉందో, గ్లాసులో మజ్జిగ ఎంతవరకు తాగారో ఎవరికీ గుర్తుండదు. అవన్నీ పుస్తకంలో రాసిపెట్టుకుని, తేడా వస్తే "జంప్!" అని అరిచి అందరి చేతా తిట్లు తినేవాడే కంటిన్యుటీ అసిస్టెంటు. ఇంత చేసినా తెర మీద పేరు వేస్తే వేస్తారు, మర్చిపోతే మర్చిపోతారు. ఆయన రిటైరయ్యారు గానీ ఆ అలవాటు రిటైర్ కాలేదు.

ఒకసారి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబుల్ ఆయన స్కూటర్ ఆపాడు.

"ఏంది పెద్దాయనా, హెల్మెట్ లేదు?"

"ముందు సీనేంటి బాబూ? మొహం అలా ఉంది, పొద్దున ఏమన్నా తిన్నావా?"

"ఏడ తిన్న సార్! ఐదింటికి డ్యూటీ ఎక్కిన. ఇంట్ల ఆమె అలిగి పండుకుంది."

"ఎందుకు అలిగింది? దాని ముందు సీనేంటి?"

పది నిమిషాలు ఆ కానిస్టేబుల్ తన సంసారం చెప్పుకున్నాడు. ఆ పది నిమిషాలూ జూబ్లీహిల్స్ సగం నిలబడిపోయింది. చివరికి ఆయన్ని చలానా లేకుండా, పైగా దండం పెట్టి పంపించాడు. ఇక ఆయన భార్య మాటంటారా, ఆవిడ నాతో ఒకసారి వాపోయింది: "పెళ్లయి నలభయ్యేళ్లయిందమ్మా. ఒక్కసారి కూడా నన్ను తృప్తిగా కోప్పడనివ్వలేదు. సగంలో ముందు సీనేంటి అంటాడు. వెతుక్కునే లోపల కోపం పోతుంది."

ఇలాంటి మనిషి నా నెత్తిన ఎలా పడ్డాడో చెప్పాలంటే నా సంగతి కాస్త చెప్పాలి. నేను త్రిపురసుందరిని. ఎమ్మే సైకాలజీ. ఫిల్మ్‌నగర్‌లో ‘లిటిల్ గువ్వలు’ అనే ప్లేస్కూల్లో పదకొండేళ్లుగా కోఆర్డినేటర్ని. ఆ పేరు నేను పెట్టలేదు, మా ఓనరు లీలాకుమారి గారు పెట్టారు. పేరు సగం ఇంగ్లీషులో ఉంటే జూబ్లీహిల్స్ వాళ్లూ, సగం తెలుగులో ఉంటే మిగతావాళ్లూ వస్తారని ఆవిడ నమ్మకం.

ప్రతి శనివారం నేను తల్లులకి ఒక క్లాసు చెబుతాను. మూడేళ్ల, నాలుగేళ్ల పిల్లలకి కోపం, భయం, దిగులు వంటివి వస్తాయి గానీ అవేమిటో తెలియదు. వాటికి పేర్లు చెప్పడం, అవి ఎందుకు వచ్చాయో మాట్లాడడం, ఎదుటి పిల్లాడికీ ఒక మనసు ఉంటుందని తెలిసేలా చేయడం తల్లుల పని. ఎలా చేయాలో నేర్పడం నా పని. చాలా మంచి పని. దానికి ఉన్న అడ్డంకి ఒక్కటే, తల్లులు.

జూబ్లీహిల్స్ తల్లులు నల్లకళ్లద్దాలు తీయకుండా వింటారు. నిద్రపోతున్నారో వింటున్నారో దేవుడికెరుక. ఒకావిడ తను రాకుండా డ్రైవర్ని పంపింది. "మేడమ్ నోట్సు రాసుకు రమ్మన్నారండీ" అని అతను పాపం పెన్ను పట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. అందరిలోకీ బాగా రాసింది అతనే. ఇక కాస్ట్యూములు కుట్టేవాళ్లూ మేకప్ వేసేవాళ్లూ ఫిల్మ్‌నగర్ గల్లీల్లోంచి వస్తారు. ఏం చెప్పినా తలూపుతారు, గేటు దాటగానే పిల్లాడి వీపు మీద ఒకటి వేస్తారు. నా దగ్గర విదేశాల నుంచి తెప్పించిన బొమ్మల కార్డులుండేవి. ఏడుస్తున్న ముఖం, భయపడిన ముఖం, ఇలా నలభై. అందులో పిల్లలందరూ దొరల పిల్లలే. ఏడుస్తున్న పాప కార్డు చూపించి "ఈ పాప ఎలా ఉంది?" అని అడిగితే మా పిల్లలు ముక్తకంఠంతో "తెల్లగా ఉంది మిస్!" అనేవారు.

అలాంటి ఒక శనివారం బసవపున్నయ్య గారు ఊడిపడ్డారు. ఆయన మనవడు నాని మా దగ్గరే చేరాడు. మా స్కూలు బంగళా ఒకప్పుడు షూటింగులకి ఇచ్చేవారట. గుమ్మంలో కాలు పెడుతూనే ఆయన హాలు గోడకేసి చూసి "ఇక్కడ లోలకం గడియారం ఉండాలే, ఏది?" అని నన్ను దొంగని చూసినట్టు చూశారు. తర్వాత పొడుగాటి పుస్తకం చంకలో పెట్టుకుని, తల్లుల మధ్యలో, సరిగ్గా నాకు ఎదురుగా కూర్చున్నారు.

నేను చెబుతున్నాను: "పిల్లాడు పళ్లెం విసిరేశాడనుకోండి. కొట్టకూడదు. ‘నీకు కోపం వచ్చింది కదా కన్నా’ అని ఆ కోపానికి పేరు చెప్పాలి."

ఆయన చెయ్యెత్తారు. "చిన్న డౌటు మేడమ్. పళ్లెం విసిరే ముందు సీనేంటి?"

"అది ఉదాహరణండీ. దానికి ముందు సీను ఉండదు."

"ముందు సీను లేకుండా పళ్లెం ఎలా లేచింది మేడమ్?"

తల్లులందరూ నవ్వారు. నల్లకళ్లద్దాలు కూడా కదిలాయి. ఆ క్షణం నుంచి బసవపున్నయ్య గారు నాకు శత్రువు.

అంతటితో ఆగితే బాగుండేది. నిహారిక లేచింది. నిహారిక అంటే ఒక నిర్మాత గారి కోడలు, కౌస్తుభ్ తల్లి. "యాక్చువల్లీ అంకుల్, మా కౌస్తుభ్ నిన్న ఎగ్జాక్ట్‌గా అదే చేశాడు. స్కూల్ నుంచి రాగానే ప్లేట్ విసిరాడు."

"వాడు వచ్చేసరికి నువ్వేం చేస్తున్నావమ్మా?"

"ఫోన్లో ఉన్నాను. కర్టెన్ల వాడితో గొడవ."

"గొడవయ్యాక?"

"అయ్యాక... వీడు షూస్‌తో లోపలికొచ్చాడని కొంచెం అరిచాను."

"జంప్!" అని అరిచారాయన. అందరూ ఉలిక్కిపడ్డారు. "ఆ కోపం కర్టెన్ల సీనుదమ్మా. బూట్ల సీన్లోకి ఎందుకొచ్చింది? ఆ సీను పిల్లాడు చూళ్లేదు. వాడికి అమ్మ ఊరికే అరిచినట్టే ఉంటుంది."

వెనక నుంచి మేకప్ వేసే ఒకావిడ అడిగింది. "మా వాడు నేను పనికి పోతుంటే గుక్కపట్టి ఏడుస్తాడు బాబాయ్ గారూ. సాయంత్రం వస్తానురా అన్నా వినడు."

"నువ్వు వస్తావని నీకు తెలుసమ్మా. నువ్వు కథంతా చదివావు. వాడు చదవలేదు. వాడికి ఈ షాట్ వరకే తెలుసు. అమ్మ వెళ్లిపోయింది, అంతే."

హాలంతా "అబ్బా" అంది. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. ఇదే ముక్క నేను పదకొండేళ్లుగా నాలుగు ఇంగ్లీషు మాటల పేరు పెట్టి చెబుతున్నాను. ఒక్కరూ అబ్బా అనలేదు. కనీసం ఆవలించడం కూడా ఆపలేదు.

దాంతో ఆయన శనివారం శనివారం హాజరు. ఎప్పుడూ అదే కుర్చీ, నాకు ఎదురుగా. నేను కూడా ఊరుకోలేదు. ఆయన నోరు తెరిస్తే చాలు విరుచుకుపడేదాన్ని. "ఇది సినిమా కాదండీ బసవపున్నయ్య గారూ, శాస్త్రం!" అనేదాన్ని. ఆయన తలూపి పుస్తకంలో ఏదో రాసుకునేవారు. అది చూస్తే ఇంకా ఒళ్లు మండేది.

ఆ రోజుల్లో నాకు కలిగిన ఒకే ఒక సుఖం ఉప్మా. నేను మోతీనగర్ నుంచి రెండు బస్సులు మారి రావాలి. చాలా రోజులు టిఫిన్ ఉండదు. అలాంటి రోజుల్లో నా బల్ల మీద ఒక స్టీలు డబ్బా ప్రత్యక్షమయ్యేది. లోపల వేడి ఉప్మా, మీద జీడిపప్పు. మా ఆయా మంజులతని ఎవరు పెట్టారని అడిగితే "ఎవలు పెడితేంది మేడమ్, గరం గరం ఉంది, తిను జర" అనేది. లీలాకుమారి గారే అనుకుని వెళ్లి కృతజ్ఞతలు చెప్పాను. "అయ్యో, దానిదేముందమ్మా సుందరీ" అన్నారావిడ ఎంతో హుందాగా. ఏడాదిగా ఆవిడకి వారానికి రెండు సార్లు కృతజ్ఞతలు చెబుతూనే ఉన్నాను, ఆవిడ పుచ్చుకుంటూనే ఉన్నారు. ఈ మధ్య ఆ ఉప్మాలో జీడిపప్పు రావడం మానేసింది. పెద్దింటివాళ్లు పిసినారితనం మొదలుపెడితే జీడిపప్పు దగ్గరే మొదలుపెడతారు కాబోలు అనుకున్నాను.

ఇలా ఉండగా ప్రజ్ఞ గొడవ వచ్చింది. ప్రజ్ఞకి నాలుగేళ్లు. వాళ్లమ్మ భువన టీవీ సీరియల్లో పెద్దకోడలు. రోజూ రాత్రి ఏడున్నరకి మొదలుపెట్టి ఎనిమిదింటి దాకా ఏడుస్తుంది. ఈ ప్రజ్ఞకి ఒక వింత అలవాటు. ఎవరన్నా పిల్లలు ఏడిస్తే ఎదురుగా నిలబడి, మొహం వెలిగిపోతుండగా చప్పట్లు కొట్టేది. పుట్టినరోజు నాడు బెలూన్ పేలి ఏడ్చిన పిల్లకీ, అమ్మ కావాలని ఏడ్చే పిల్లాడికీ అవే చప్పట్లు. నేను కార్డులు తీశాను. నలభై ముఖాలూ నలభై సార్లు చూపించాను. దిగులు కార్డు చూపిస్తే దానికీ చప్పట్లు కొట్టింది.

ఒకరోజు జారుడుబల్ల మీంచి కౌస్తుభ్ బోర్లా పడ్డాడు. గడ్డం చిట్లి నెత్తురు కారుతోంది. వాడు గుక్కపట్టాడు. ప్రజ్ఞ పరిగెత్తుకొచ్చి "సూపర్! ఇంకోసారి!" అని గంతులేసింది. ఆ సమయానికి నిహారిక కొడుకుని తీసుకెళ్లడానికి గేట్లోకి వస్తోంది.

అరగంటలో లీలాకుమారి గారి గదిలో పంచాయితీ. "ఆ పిల్లకి ఫీలింగ్సే లేవు ఆంటీ. రేపు పెద్దదైతే ఏమవుతుందో! అది ఉంటే మా వాడు ఉండడు" అంది నిహారిక. కౌస్తుభ్ వెళ్తే వాడి వెనక ఎనిమిది మంది వెళ్తారని లీలాకుమారి గారికి తెలుసు. భువనని పిలిపించారు. షూటింగ్ మధ్యలోంచి వచ్చింది పాపం, రూపాయి బిళ్లంత బొట్టుతో, పట్టుచీరతో. సంగతి విని కూలబడిపోయింది. "మేడమ్, ఇప్పటికే రెండు స్కూళ్లు మారాం. రెండు చోట్లా ఇదే. మా అమ్మాయి చెడ్డది కాదండీ."

"ఈ నెలాఖరు దాకా చూద్దాం" అన్నారు లీలాకుమారి గారు, చూసే ఉద్దేశం లేని గొంతుతో.

అప్పుడు గుమ్మంలోంచి వినిపించింది. "ముందు సీనేంటి?"

వరండాలో బెంచీ మీద నాని కోసం కూర్చున్న మనిషి లోపలికి వచ్చేశారు.

"ముందు సీనూ లేదు, వెనక సీనూ లేదు అంకుల్. మా బాబు పడ్డాడు, ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. దట్సిట్" అంది నిహారిక.

"అది మీ బాబు ముందు సీనమ్మా. నేనడిగింది ఆ పాపది." ఆయన భువన పక్కన కూర్చున్నారు. "పాపని షూటింగుకి తీసుకెళ్తావా అమ్మా?"

"సెలవు రోజుల్లో తప్పదు బాబాయ్ గారూ. మధురానగర్‌లో మేమిద్దరమే ఉంటాం, చూసేవాళ్లు లేరు."

"నువ్వు ఏడుపు సీను బాగా చేస్తే?"

"యూనిట్ అంతా చప్పట్లు కొడతారు. ఇది అందరికంటే గట్టిగా కొడుతుంది. నేను గ్లిజరిన్ తుడుచుకుని నవ్వుతాను."

ఆయన పుస్తకం తెరవలేదు. నెమ్మదిగా అడిగారు.

"ఇంట్లో ఎప్పుడైనా ఏడ్చావా తల్లీ?"

"ఆర్నెల్ల కింద మా అమ్మ పోయిందండీ. రాత్రి షూటింగ్, వెళ్లలేకపోయాను. వంటింట్లో ఒక్కదాన్నే ఏడుస్తుంటే ఇది నిద్ర లేచి వచ్చింది. జడుసుకుంటుందని..."

"ఏమన్నావు?"

"యాక్టింగ్ రా, అన్నాను. చప్పట్లు కొట్టింది. నేను నవ్వాను."

అరవాల్సిన జంప్ ఆయన అరవలేదు. ఆమె భుజం తట్టి "పాప తప్పేం లేదమ్మా. దానికి తెలిసినంతలో అది మర్యాదే చేసింది. బాగా ఏడ్చారని మెచ్చుకుంది" అన్నారు. నిహారిక కళ్లద్దాలు పెట్టుకుంది. నేను గోడకేసి చూశాను. ఎమ్మే సైకాలజీ చదివి, ఆ పిల్లకి నలభై కార్డులు చూపించి, వాళ్లమ్మని ఒక్క ప్రశ్న అడగని మహానుభావురాలిని నేను. ఆ ముక్క పైకి ఒప్పుకునేంత గొప్పదాన్ని మాత్రం కాను.

"ఏం చెయ్యాలి బాబాయ్ గారూ?" అంది భువన.

"ఇవాళ ఇంటికెళ్లి నిజం చెప్పు. ఆ రాత్రి యాక్టింగ్ కాదు, అమ్మమ్మ పోయిందని ఏడ్చాను అని చెప్పు. మళ్లీ ఎప్పుడు ఏడుపొచ్చినా దాచకు. ఇది నిజం ఏడుపు, దీని ముందు సీను ఇదీ అని చెప్పు."

ఆ శనివారం ఆ మందు తల్లులందరికీ పోశారు. రోజుకి ఒక్కటి, తనకి నిజంగా కలిగిన బాధో కోపమో పిల్లలకి అర్థమయ్యేలా చెప్పాలి, దాని ముందు సీను కూడా చెప్పాలి. నేను లేచాను. "తల్లులకి ఏడవడం నేర్పడమేంటండీ? రేపు మా స్కూలుకి ఏం పేరొస్తుంది?"

"నేర్పక్కర్లేదు మేడమ్. దాచడం మానిపిస్తే చాలు" అన్నారాయన.

తర్వాత జరిగిన బీభత్సం వర్ణించతరం కాదు. నిహారిక తన కొడుకుతో "నాకు ఇవాళ నానమ్మ మీద కోపం వచ్చింది కన్నా, ముందు సీన్ ఏంటంటే..." అని మొదలుపెట్టి మొత్తం చెప్పింది. కౌస్తుభ్ అది అక్షరం పొల్లుపోకుండా నానమ్మకి చేరవేశాడు. ఆ ఇంట్లో మూడు రోజులు వంటలు వేర్వేరుగా జరిగాయట. నాలుగో రోజు నానమ్మ కూడా మనవడికి తన ముందు సీను చెప్పుకుంది, అది విని కోడలు ఏడ్చింది, వంటలు కలిశాయి. తల్లికి బదులు వచ్చే డ్రైవరు, ఆ పిల్లాడికి తన బాధ చెప్పాడు: "అర్ధరాత్రి దాకా పార్టీ బయట కూర్చుంటే నాకు దిగులు బాబూ, నేను ఇంటికెళ్లేసరికి మా పాప నిద్రపోతుంది." ఆ పిల్లాడు వెళ్లి వాళ్ల నాన్నతో "అంకుల్‌కి దిగులు" అన్నాడు. డ్రైవరుకి ఆదివారం సెలవు దొరికింది. ఇన్ని లాభాలు కలుగుతుంటే నాకు మాత్రం ఒళ్లు మంటగానే ఉంది.

ఎందుకంటే అసలు మనిషి ప్రజ్ఞలో ఏమీ కనబడటం లేదు. చప్పట్లు మానేసింది. అంతే. ఎవరన్నా ఏడిస్తే చేతులు వెనక్కి కట్టుకుని గుడ్లప్పగించి చూస్తుంది. "చప్పట్లే నయం ఆంటీ, ఆ చూపు చూస్తే భయమేస్తోంది" అంది నిహారిక. నెలాఖరు శుక్రవారం వచ్చింది. లీలాకుమారి గారు నన్నూ నిహారికనీ పిలిచి తేల్చేశారు. "సోమవారం నుంచి ఆ పాపని పంపొద్దని చెప్పేద్దాం. భువనని రమ్మన్నాను." నేను నోరు తెరిచే లోపల ఇంకోటి కూడా తేల్చేశారు. "అన్నట్టు సుందరీ, శనివారం క్లాసు ఇక బసవపున్నయ్య గారికి ఇచ్చేద్దాం. తల్లులకి ఆయనంటేనే ఇష్టం. నువ్వు హాజరు పట్టీ చూసుకుందువు గాని."

నిహారిక ముందు అన్నారు ఆ మాట. నేను నవ్వాను. "అలాగేనండీ" అన్నాను. నడిచి వెళ్లి, విరిగిన బొమ్మలు పెట్టే గదిలో దూరి, కనబడిన మొదటి కుర్చీలో కూర్చుని ఏడ్చాను. అది మూడేళ్ల పిల్లల ప్లాస్టిక్ కుర్చీ. ఎమ్మే సైకాలజీ చదివినా ఏడిస్తే అందరిలాగే ముక్కు కారుతుంది.

తలుపు తోసుకుని ప్రజ్ఞ వచ్చింది, బంతి కోసం. నన్ను చూసి ఆగింది. రెండు చేతులూ పైకి లేచాయి. సరే, ఇదొక్కటే తక్కువైంది, కొట్టు, అనుకున్నాను. చేతులు దగ్గరికొచ్చి ఆగిపోయాయి. అది గదంతా కలియజూసింది. తలుపు వెనక చూసింది. వంగి బల్ల కింద చూసింది. కెమెరా లేదు. లైటు లేదు. నా దగ్గరికొచ్చింది.

"మిస్, ఇది నిజందా?"

"నిజందే" అన్నాను.

"ముందు సీనేంటి?"

ఆ మాట ఆ నోట వినగానే వచ్చిన ఏడుపు ఉంది చూశారూ, అది ఏడున్నర సీరియల్లో కూడా రాదు. "నా క్లాసు వేరేవాళ్లకి ఇచ్చేశారే" అన్నాను.

కాసేపు ఆలోచించింది. "నీ బొమ్మ లాక్కున్నట్టా?"

"అలాగే."

గౌను అంచు పట్టుకుని నా మొహం తుడిచింది, ముక్కుతో సహా. "మా అమ్మ కూడా నిజంగా ఏడ్చింది. అమ్మమ్మ చచ్చిపోయింది. నేను చప్పట్లు కొట్టాను." తర్వాత గొంతు తగ్గించి చెప్పింది, "నాకు తెలీదు మిస్."

"నాకూ తెలీదమ్మా" అన్నాను. జీవితంలో మొదటిసారి నిజం ఒప్పుకున్నాను.

అది నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "నీకు అయిపోయే దాకా నేనిక్కడే ఉంటా."

తలెత్తితే గుమ్మంలో పాప కోసం వెతుక్కుంటూ వచ్చిన ముగ్గురూ ఉన్నారు. లీలాకుమారి గారు, భువన, నిహారిక. ఎంతసేపటి నుంచి నిలబడ్డారో తెలియదు. నిహారిక కళ్లద్దాలు చేతిలో ఉన్నాయి, కాటుక గడ్డం దాకా వచ్చింది. ప్రజ్ఞ లేచి ఆవిడ దగ్గరికి వెళ్లి చూసింది.

"ఆంటీ, ఇది కూడా నిజందా? ముందు సీనేంటి?"

"నువ్వేనే తల్లీ" అంది నిహారిక. అని లీలాకుమారి గారివైపు తిరిగి "సోమవారం ఈ పిల్ల రాకపోతే మా వాడు రాడు ఆంటీ" అంది. లీలాకుమారి గారు వెంటనే తన మొదటి అభిప్రాయం కూడా అదేనని చెప్పారు. భువన గదిలోకి వచ్చింది. కూతుర్ని ఎత్తుకుని, దాచకుండా ఏడ్చింది.

ఈ ఘట్టం ఇంత గంభీరంగా ముగిసి ఉండేది. కాని నేను లేవబోతే కుర్చీ కూడా నాతో లేచింది. మంజులత వచ్చి "ఊపిరి బిగబట్టు మేడమ్" అని ఒక పక్క, లీలాకుమారి గారు ఒక పక్క లాగితే గాని వదల్లేదు. ఈసారి మాత్రం ప్రజ్ఞ చప్పట్లు కొట్టింది. అందరమూ కొట్టాం.

మొహం కడుక్కుని, నా క్లాసు లాక్కున్న మనిషిని నాలుగు కడిగేద్దామని వరండాలోకి వెళ్లాను. బసవపున్నయ్య గారు లేరు, నాని చేత నీళ్లు తాగించడానికి వెళ్లారట. బెంచీ మీద ఆ పొడుగాటి పుస్తకం ఉంది. తెరిచాను. తప్పే, ఏం చేస్తాం.

పిల్లకో పేజీ. "కౌస్తుభ్: దిగులు. ముందు సీను: నానమ్మ ఊరెళ్లింది." "ప్రజ్ఞ: చూపు మారింది. భయపెట్టడం కాదు, నిజమా కాదా అని వెతుకుతోంది. టైమివ్వాలి." చివర్లో నా పేరు. నాకు ఒకటి కాదు, పదకొండు పేజీలు.

"సుందరి మేడమ్. సోమవారం, గొంతు పెద్దది. ముందు సీను: బస్సు దొరకలేదు, టిఫిన్ లేదు. ఉప్మా పంపాలి. ఎవరిదో చెప్పొద్దు, నాదని తెలిస్తే తినదు."

"శనివారం, నన్ను తిట్టింది. ముందు సీను: ఓనరమ్మ అందరి ముందు మాటంది. ఆ కోపం ఎక్కడో దిగాలి, పిల్లల మీద దిగకూడదు. వచ్చే వారం కూడా ఎదురుగానే కూర్చోవాలి."

"ఇవాళ పొద్దున, క్లాసు నన్ను తీసుకోమన్నారు. వద్దన్నాను. కంటిన్యుటీవాడు డైరెక్షన్ చేయకూడదు. క్లాసు మేడమ్‌దే."

వద్దన్న ముక్క లీలాకుమారి గారు నాకు చెప్పలేదు. ఏడాదిపాటు ఆవిడకి చెప్పిన కృతజ్ఞతలన్నీ వెనక్కి తీసుకునే పద్ధతి ఏదైనా ఉందా అని ఆలోచిస్తూ పేజీ తిప్పాను. అట్టడుగున ఇంకో ముక్క ఉంది.

"గమనిక: మేడమ్ ఉప్మాలో జీడిపప్పు ఏరి పక్కన పెడుతోంది. ఇష్టం లేదు కాబోలు. ఇక వేయొద్దు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముప్ఫై ఎనిమిదేళ్ల అనుభవమట! నా ఎర్ర పెన్ను తీసి దాని కిందే రాశాను: "తప్పు. చివర్లో తినడానికి దాచుకుంటుంది. ముందు సీను చూశారు, తర్వాత సీను చూడకుండా రాశారు. జంప్!" పుస్తకం ఎలా ఉందో అలాగే పెట్టి వచ్చేశాను.

మర్నాడు శనివారం క్లాసు నేనే చెప్పాను. ఆయన ఎదురుగా అదే కుర్చీలో కూర్చున్నారు. సోమవారం పొద్దున నా బల్ల మీద డబ్బా ఉంది. మూత తీస్తే ఉప్మా కనిపించలేదు. జీడిపప్పులు ఏరి పక్కన పెడితే అడుగున నాలుగు చెంచాలు ఉంది. ఎప్పటిలాగే జీడిపప్పు ఆఖర్న తిన్నాను.

ఆయనకి కృతజ్ఞతలు మాత్రం ఇంతవరకు చెప్పలేదు. చెబితే ముందు సీనేంటి అంటారు.